ముందు టేపు, తర్వాతే ప్లాను

హనుమకొండలో మా దగ్గర ఇంటి ప్లాన్లు గీయించుకున్నవారికి, గీయించుకోబోయేవారికి నమస్కారం. ఈ నెల నుంచి పని పద్ధతి మారుస్తున్నాను. స్థలానికి వచ్చి నేనే కొలిచాకే ప్లాను గీస్తాను. కొలతకు విడిగా కొంత రుసుము ఉంటుంది. అక్కడ కట్టడం కుదరదని తేలితే అంతకు మించి ఒక్క రూపాయి తీసుకోను.

ఇందుకు కారణం నా పొరపాటే. పోయిన వేసవిలో ఖిలా వరంగల్ వైపు ఒక కుటుంబానికి దస్తావేజులోని కొలతలు చూసి ప్లాను గీసి ఇచ్చాను. అక్కడి కోటలోని రాతి కట్టడాలైన కీర్తి తోరణాలకు స్థలం చాలా దూరం కదా అని ధీమాగా ఉన్నాను. కానీ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలకు దూరం లెక్కించేది కట్టడం నుంచి కాదు, దాని చుట్టూ ఉన్న రక్షిత హద్దు నుంచి. 2010లో సవరించిన చట్టం ప్రకారం ఆ హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త ఇల్లు కట్టకూడదు, పాత ఇంటి మరమ్మతుకూ అనుమతి కావాలి. ఆపైన మరో 200 మీటర్ల వరకు కట్టుకోవాలంటే జాతీయ స్మారక ప్రాధికార సంస్థ దాకా ఫైలు వెళ్లాలి. వారి స్థలం ఈ రెండో వలయంలో ఉంది. మేస్త్రీకి బయానా ఇచ్చాక ఆ సంగతి బయటపడింది. ‘ముందే చెప్పి ఉంటే పాత ఇల్లు కూలగొట్టేవాళ్లం కాదు కదా అన్నా’ అని ఆ ఇంటి ఇల్లాలు అడిగితే నాకు జవాబు లేకపోయింది. తీసుకున్న డబ్బు తిరిగి ఇచ్చాను, దరఖాస్తు పని ఉచితంగా చేస్తున్నాను. వాళ్లు కడుతున్న అద్దె మాత్రం నేను తిరిగి ఇవ్వలేనిది. వేయి స్తంభాల గుడి పరిసరాల్లో ఉన్నవారికీ ఇదే నియమం, మరచిపోవద్దు.

ఇక స్వీయ ధ్రువీకరణ, అంటే వివరాలు సరైనవేనని మనమే రాసిచ్చి ఇంటి అనుమతి తీసుకునే పద్ధతి సంగతి. తెలంగాణలో భవన అనుమతులకు 2020 చట్టం వచ్చాక 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు ఒక్క రూపాయితో నమోదు చేసుకుంటే సరిపోతోంది. 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు దాటకుంటే అనుమతి వెంటనే వస్తోంది. కార్యాలయాల చుట్టూ తిరిగిన రోజులు నాకు గుర్తున్నాయి కాబట్టి ఈ మార్పు విలువ తెలుసు. కానీ ఆ అనుమతి మీ మాట నమ్మి ఇచ్చినది. చెప్పినది అబద్ధమని తనిఖీలో తేలితే నోటీసు లేకుండానే కూల్చే అధికారం ఆ చట్టంలోనే ఉంది.

అందుకే ‘కాగితం మీద ఖాళీ వదలండి, కట్టేది మేం చూసుకుంటాం’ అనేవారికి ఇకపై గీయను. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవున్న 200 గజాల స్థలమే తీసుకోండి. 10 మీటర్ల ఎత్తు ఇంటికి ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలి. వెడల్పులో మీకు మిగిలేది సుమారు ఇరవై మూడున్నర అడుగులు. ఆ కొలతలోనే గాలీ వెలుతురూ వచ్చే గదులు గీయడం నా పని, అది శ్రద్ధగా చేస్తాను.

నాలా, అంటే వాననీటి కాలువ పక్క స్థలాల విషయంలో ఇంకా కచ్చితంగా ఉంటాను. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో హనుమకొండ కాలనీల్లోకి నీళ్లు ఎలా వచ్చాయో మనమంతా చూశాం. 10 మీటర్ల లోపు వెడల్పున్న నాలాకైతే హద్దు నుంచి 2 మీటర్లు, అంతకంటే పెద్దదైతే 9 మీటర్లు వదలాలి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకు 30 మీటర్లు. భద్రకాళి చెరువు, వడ్డేపల్లి చెరువు వైపు స్థలం కొనేవారు బయానా ఇవ్వక ముందే నన్ను పిలవండి. ఎండాకాలంలో చూసిన స్థలాన్ని వానాకాలంలో మరోసారి చూడమని మా నాన్న చెప్పేవారు, నేనూ అదే చెబుతాను.

దస్తావేజు నకలు, లింకు పత్రాలు (అంతకు ముందు యజమానుల దస్తావేజులు), ఇంటి పన్ను రసీదు ఉంటే అదీ తీసి ఉంచండి. కొలతకు పొద్దున్నే వస్తాను, పక్క స్థలం వారిని కూడా ఆ సమయానికి రమ్మనండి.