మీరడిగిన వైన్ బార్ సంగతి

స్టుట్‌గార్ట్, జర్మనీ,
17 నవంబర్ 2024.

నాన్నకి నమస్కారాలు.

మొన్న ఫోన్‌లో మీరు నన్ను కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకే కాస్త తేలిగ్గా ఉండేది. "ప్రతి గురువారం వైన్ బార్‌కి వెళ్తున్నావటగా" అని అడిగారు. నేను అవునన్నాను. "సరేలే, జాగ్రత్త" అని ఫోన్ అమ్మ చేతికిచ్చేశారు. అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు.

అక్క చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే మన దగ్గర బార్ అనగానే కళ్ళ ముందు కదిలే బొమ్మ వేరు. మసక వెలుతురు, మూసి ఉన్న తలుపు, ఆడపిల్ల ఆ పక్కనించి కూడా నడవని చోటు. నేను వెళ్ళే చోటుకి మన భాషలో పేరు లేదు. అందుకే ఫోన్‌లో నాకు మాట దొరకలేదు. జీవితమంతా హోటల్ నడిపిన మనిషికి కూర్చుని రాస్తే అర్థమవుతుందనిపించింది.

దీన్ని ఇక్కడ వైన్‌ష్టూబె అంటారు. ష్టూబె అంటే పాతకాలం ఇళ్ళలో చలికి వెచ్చగా ఉంచుకునే గది. ఇంట్లో వాళ్ళందరూ చేరేది అక్కడే. ఈ వైన్‌ష్టూబె కూడా అలాంటి గదే, కాకపోతే వీధి వాళ్ళందరిదీ.

ఈ ఊరు గిన్నె లాంటి లోయలో ఉంటుందని ఇదివరకే చెప్పాను కదా. ఆ గిన్నె అంచుల మీద ద్రాక్షతోటలు ఊళ్ళోనే ఉన్నాయి. మెయిన్ రైల్వే స్టేషన్ దగ్గర నిలబడి తలెత్తితే కొండ వాలు మీద తీగలు కనిపిస్తాయి. ఒకప్పుడు రైతులు తోటల్లోకి ఎక్కడానికి కట్టుకున్న మెట్ల దారులు ఊరంతా అల్లుకుని ఉన్నాయి. ఇప్పటికీ 400కి పైగా ఉన్నాయి. వీటిని ష్టెఫెలె అంటారు. మా ఇల్లు మరియన్‌ప్లాట్స్ అనే కూడలికి పైన, వాలు మీద. 1884 నుంచి నడుస్తున్న, దంతాల చక్రంతో కొండెక్కే రైలు మా పక్కనించే ఎక్కుతుంది. నేను మాత్రం మెట్ల మీదనే దిగుతాను. 140 మెట్లు దిగి మలుపు తిరిగితే ఆ చోటు.

తలుపు పక్కన గాజు పెట్టెలో ధరల పట్టిక ఉంటుంది. లోపలికి రాకముందే మనిషికి ధర తెలియాలని ఇక్కడ చట్టం. మీరు గుమ్మం పక్కన బోర్డు మీద సుద్దతో రాసేవారు, ఎవరూ చెప్పకుండానే. మొదటిసారి ఈ పట్టిక చూసినప్పుడు నాకు మీ చేతిరాత గుర్తొచ్చింది.

లోపల గట్టిగా నలభై మంది పడతారు. సగం ఎత్తు వరకు చెక్క గోడలు. ఏళ్ళ తరబడి వీపులు ఆని ఆని ఆ చెక్క బెంచీల పైన ఒక చోట నల్లగా నున్నగా తేలింది. దీపాలు బల్లల మీదికి బాగా కిందకి వేలాడతాయి, అందుకని మొహాల కన్నా ముందు చేతులు కనిపిస్తాయి. మూలన ఒక బల్ల మీద చిన్న ఇత్తడి పలక ఉంటుంది, ష్టమ్‌టిష్ అని. అది రోజూ వచ్చే వాళ్ళది, అక్కడ ఇంకెవరూ కూర్చోరు. మిగతా బల్లలు అందరివీ. ఖాళీ బల్ల కోసం ఎవరూ ఎదురు చూడరు. ఖాళీ కుర్చీ చూసుకుని, ఆ బల్ల దగ్గర ఉన్నవాళ్ళని "ఇష్ దో నో ఫ్రై?" అని అడగాలి. ఇక్కడ ఖాళీయేనా అని. అవునంటే కూర్చోవడమే. మాట్లాడాలనిపిస్తే మాట్లాడొచ్చు, లేకపోతే లేదు.

ఈ పద్ధతి వల్లే నేను అక్కడ మొదటి రోజు నిలిచాను. 2022 నవంబర్, వాన. తడిసిపోయి, దీపం చూసి లోపలికి వెళ్ళాను. ఎక్కడా ఖాళీ లేదు. వెనక్కి తిరుగుతుంటే ఒక ముసలాయన, ఆయన భార్య బెంచీ మీద జరిగారు. "హోక్ డి హేర్" అన్నాడాయన. వచ్చి కూర్చో అని. అప్పటికి నేను ఈ దేశం వచ్చి ఆరు నెలలు. ఆఫీసులో ఇంగ్లీషు, ఇంట్లో నిశ్శబ్దం. ఆఫీసు పని లేకుండా నాతో ఒక మనిషి మాట కలపడం అదే మొదలు. ఆ రాత్రి ఆ ఇద్దరూ నాకు పెద్దగా కబుర్లేమీ చెప్పలేదు. వేడి వేడిగా తిని, వాన తగ్గే దాకా కూర్చుని ఇంటికొచ్చాను. మీకు ఫోన్ చేసి బాగానే ఉన్నానని చెప్పింది ఆ రోజే. అంతకు ముందు చెప్పినప్పుడల్లా మీకోసం చెప్పేదాన్ని.

తాగడం గురించి కూడా రాస్తాను, దాచడం నాకు ఇష్టం లేదు. మొదటి ఏడాదంతా యాపిల్ జ్యూసే తాగాను. ఇక్కడో మంచి చట్టం ఉంది నాన్నా. ఏ హోటల్లో అయినా మద్యం లేని పానీయం ఒక్కటైనా, అక్కడున్న అన్నిటి కన్నా చవకైన మద్యం ధర దాటకూడదు. డబ్బులు లేక మనిషి సారా వైపు వెళ్ళకూడదని. ఇప్పుడు ఒక గ్లాసు వైన్ తీసుకుంటాను, సోడా నీళ్ళు కలిపి. ఒక్కటే. దాన్నే గంటన్నర తాగుతాను. అక్కడ అందరూ అంతే. ట్రోలింగర్ అని లేత ఎరుపు వైన్, ఈ ప్రాంతం దాటితే జర్మనీలో దాదాపు పండించరు. పావు లీటరు పట్టే పిడి గ్లాసులో ఇస్తారు. గ్లాసు మీద పావు లీటరు దగ్గర సన్నటి గీత ఉంటుంది. అది కూడా చట్టమే. గీత కిందకి పోస్తే అడగొచ్చు. ఇలా తాగడానికి వీళ్ళ యాసలో ఒక మాట ఉంది, ష్లోట్సె అని. దానికి అర్థం ఆఫీసులో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. నాకు మన మాట వెంటనే తట్టింది: చప్పరించడం. పిల్లలు బిళ్ళ చప్పరించినట్టు, అయిపోతుందేమోనని నెమ్మదిగా.

గురువారమే ఎందుకంటే, ఆ రోజు పప్పు. పెసల కన్నా కాస్త పెద్ద గోధుమ రంగు పప్పు, మెత్తగా ఉడికించి చివర్లో వెనిగర్ పోస్తారు. పప్పులో పులుపు పడాల్సిందే అనే మనుషులు ఇంత దూరంలో కూడా ఉన్నారు! దాంతో పాటు ష్పెట్సలె, మన సేమ్యా లాంటిది. నా కుర్చీ నుంచి వంటింటి కిటికీ కనిపిస్తుంది కాబట్టి అది చేయడం వెళ్ళినప్పుడల్లా చూస్తాను. గుడ్లు కొట్టి కలిపిన పిండి, గరిటె నుంచి తెగకుండా సాగుతూ పడాలి. చెక్క పలకని తడిపి, దాని మీద ఆ పిండి పలచగా పరుస్తారు. పలకని మరిగే నీళ్ళ మీద వంచి పట్టుకుని, పొడవాటి కత్తితో అంచు నుంచి సన్నటి పోగులు గీకి నీళ్ళలోకి తోస్తారు. చెయ్యి ఆగదు. టక టక టక అని ఒకే తాళం. పోగులు అడుక్కి మునిగి, ఉడకగానే పైకి తేలతాయి. తేలిన వాటిని చిల్లుల గరిటెతో తీయడం, మళ్ళీ పలక తడపడం. ఇప్పుడు దీనికి మిషన్లున్నాయి, చాలా చోట్ల అవే వాడతారు. ఇక్కడ మాత్రం ఇంకా చెయ్యే. రెండూ తిన్నాను కాబట్టి చెప్తున్నాను, తేడా ఉంది. చేత్తో గీకిన పోగులు ఒకటి లావు ఒకటి సన్నం, పప్పు వాటిని బాగా పట్టుకుంటుంది.

పప్పుతో పాటు ఇచ్చే సాసేజ్ నాకు వద్దంటే, ఆవిడ ఏమీ అనకుండా ఒక గరిటె పప్పు ఎక్కువ వేస్తుంది.

ఆవిడంటే యజమానురాలు. అందరూ షెఫిన్ అంటారు, అమ్మగారూ అన్నట్టు. అత్తమామలు పెట్టిన చోటు, కోడలిగా వచ్చి 41 ఏళ్ళుగా చూసుకుంటోంది. నవ్వు తక్కువ. తిట్టలేదంటే మెచ్చుకున్నట్టే అని ఈ ప్రాంతం వాళ్ళ సామెత, ఆవిడ నడిచే సామెత. కానీ ఎవరు ఎక్కడ కూర్చుంటే బాగుంటుందో ఆవిడకి తెలుసు. భార్య పోయిన మనిషిని కిటికీ దగ్గర ఒంటరిగా కూర్చోనివ్వదు. పరీక్షలకి చదివే కుర్రాణ్ణి గోల చేసే బల్లకి పంపదు. ఇదంతా చేస్తున్నట్టు కూడా కనపడదు. మీరు కూడా గల్లా పెట్టె దగ్గర కూర్చుని కళ్ళతోనే సర్వర్లకి చెప్పేవారు. అప్పుడు నాకది అర్థమయ్యేది కాదు, మీరు ఊరికే కూర్చున్నారనుకునేదాన్ని.

పోయిన ఏడాది జరిగింది ఒకటి మీకు చెప్పలేదు, కంగారు పడతారని. ఇక్కడ అద్దె కాకుండా హీటర్‌కి, నీళ్ళకి, చెత్తకి ఏడాదికోసారి లెక్క పంపుతారు. మా ఇంటి ఓనర్ పంపిన లెక్కలో ఇంకో 412 యూరోలు కట్టమని ఉంది. నాలుగు పేజీల జర్మన్. రెండు రాత్రులు నిద్ర లేదు. గురువారం ఆ కాగితాలు పట్టుకునే వెళ్ళాను. నేను వాటినే చూస్తూ ఉంటే షెఫిన్ వచ్చి, కాగితాలు తీసుకుని, ష్టమ్‌టిష్ దగ్గర ఒక పెద్దాయన ముందు పెట్టింది. ఆయన లెక్కల ఆఫీసులో పని చేసి రిటైరయ్యాడట. గ్లాసు కింద పెట్టే అట్టముక్క తిరగేసి, పెన్సిల్‌తో కూడికలు మొదలుపెట్టాడు. నేను ఇంట్లో దిగింది మే నెలలో. లెక్క జనవరి నుంచి వేశారు. ఆయన ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టి, దీని మీద అభ్యంతరం చెప్పడానికి నీకు 12 నెలలు గడువుంది, టెన్షన్ పడకుండా ముందు తిను అన్నాడు. తర్వాత ఉత్తరం ఎలా రాయాలో చెప్పాడు. ఓనర్ లెక్క సరిచేశారు, నేనేమీ కట్టాల్సి రాలేదు. ఆయనకి ఒక గ్లాసు ఇప్పిస్తానంటే ఒప్పుకోలేదు. తన గ్లాసు డబ్బులు తనే ఇచ్చాడు. ఆ అట్టముక్క నా దగ్గరే ఉంది, పాస్‌పోర్ట్ పెట్టుకునే కవర్లో.

ఇలాంటి చోటు ఎలా నిలబడుతుందా అని మీరు ఆలోచిస్తారని తెలుసు. నేనూ ఆలోచించాను. వంటకాలు తొమ్మిదే, వారానికి రెండు రోజులు సెలవు, వైన్ ఈ చుట్టుపక్కల తోటలదే. బిల్డింగ్ సొంతం, అదే సగం బలం. ఎదురుగా ఉన్న షాపులో నేను చూస్తుండగానే మూడు రకాల హోటళ్ళు మారాయి. ప్రతివాళ్ళూ కొత్త జనం కోసం చూశారు. షెఫిన్ మాత్రం నిన్న వచ్చినవాళ్ళు రేపు కూడా వచ్చేలా చూసుకుంటుంది. అయినా కష్టంగానే ఉంది. కోవిడ్‌లో హోటల్ తిండి మీద పన్ను 7 శాతానికి తగ్గించారు, 2024 జనవరి నుంచి మళ్ళీ 19 చేశారు. గంటకి కనీస జీతం 2024లో 12.41 యూరోలు, 2025లో 12.82. పనివాళ్ళకి ఇవ్వాల్సిందే అంటుంది ఆవిడ, అందులో మాట తిప్పదు. కానీ పప్పు ప్లేటు మీద ఒక యూరో పెంచడానికి మూడు నెలలు ఆగింది.

ఇంకో సంగతి, మీకు నచ్చుతుంది. ఇక్కడ ద్రాక్ష రైతు తన గుమ్మానికి చీపురు వేలాడదీస్తే, లోపల సొంత వైన్ పోస్తున్నాడని అర్థం. ఏడాదిలో నాలుగు నెలలే, నలభై కుర్చీలే, తిండి కూడా సాదాగానే ఉండాలి. అది ఇంకో ఉత్తరంలో రాస్తాను.

నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం మొన్న గురువారం. జనం పల్చగా ఉన్నారు. షెఫిన్ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. రెండేళ్ళలో ఎప్పుడూ కూర్చోలేదు. వచ్చే ఏడాదికి ఆవిడకి 68. కొడుకు హాంబర్గ్‌లో ఉద్యోగం, రాడు. మా నాన్న కూడా హోటల్ నడిపారని చెప్పి మీ ఫోటో చూపించాను, గల్లా పెట్టె దగ్గర నీలం చొక్కాలో ఉన్నది. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. మిమ్మల్ని కాదు, మీ వెనక ఉన్న బల్లల్ని. వేళ్ళతో పెద్దది చేసి, "పాలరాయేనా?" అంది. అవునన్నాను. ఎన్ని కుర్చీలు అంది. ముప్పై ఆరు అని చెప్పాను, చిన్నప్పుడు లెక్కపెట్టేదాన్ని కాబట్టి గుర్తుంది. చివరికి అడిగింది: "మూసేసినప్పుడు ఆ బల్లలు ఏం చేశాడు మీ నాన్న?"

నాకు తెలియదన్నాను. అప్పుడు నేను హాస్టల్లో ఉన్నాను. సెలవులకి వచ్చేసరికి షట్టర్ దించి ఉంది, మీరు ఏమీ చెప్పలేదు, నేను అడగలేదు. అడిగి రాయమంది ఆవిడ. ఊరికే అడిగినట్టు లేదు, తన బల్లల వైపు చూస్తూ అడిగింది.

ఎవరికైనా ఇచ్చారా, అమ్మేశారా, ఇంకా ఎక్కడైనా ఉన్నాయా? గురువారం ఇక్కడ సాయంత్రం ఏడు దాటాక నేను అక్కడే ఉంటాను. అప్పటికి మీకు రాత్రి పొద్దుపోతుంది కాబట్టి ముందు రోజే ఫోన్‌లో చెప్పండి. ఆవిడకి చెప్పాలి.

అమ్మకి ఇది చదివి వినిపించండి. మోకాలి నొప్పి మందు మానొద్దని చెప్పండి.

మీ
చిన్ని