తేనె లేపనం డబ్బీ మీద ఏముందో ఎవరు చూస్తున్నారు?

సంపాదకులకు,

కర్నూలు, అనంతపురం, కడప సంతల్లోనూ బస్టాండ్ల దగ్గరా "నల్లమల తేనెతో తామర మాయం" అనే తరహా డబ్బీలు దొరుకుతున్నాయి. వాటి మీద తయారీదారు పేరు ఉండదు, బ్యాచ్ నంబరు ఉండదు, ఏమేం కలిపారో అసలే ఉండదు. కొన్నింటి మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు వేసి నమ్మిస్తున్నారు. ఆ నంబరు తినే తేనెకు. ఒంటికి రాసుకునే మందుకు దాంతో పనే లేదు, దానికి వేరే లైసెన్సు కావాలి.

అసలు తిరకాసు తామర అనే మాటలోనే ఉంది. గుండ్రంగా అంచు లేచి పాకే ఫంగస్ మచ్చనూ తామరే అంటాం, మోచేతి మడతలో, మోకాలి వెనక చర్మం ఎండి, గీరీ గీరీ మందమయ్యే ఎగ్జిమానూ తామరే అంటాం. మొదటిది అంటుకుంటుంది, రెండోది అంటుకోదు. ఎగ్జిమాకు డాక్టర్లు రాసే స్టెరాయిడ్‌ను ఫంగస్ మీద పూస్తే దురద తగ్గుతుంది కానీ, అంచు చెరిగిపోయి మచ్చ ఇంకా పాకుతుంది. రెండింటికీ ఒకే డబ్బీ అనీ, రెండు రోజుల్లో దురద పోతుందనీ ఎవరైనా అంటే అందులో తేనె కన్నా స్టెరాయిడే పనిచేస్తోందేమోనని అనుమానించాలి. డాక్టర్ చీటీ లేకుండా స్టెరాయిడ్ క్రీములు అమ్మకూడదని 2018లోనే నిబంధన బిగించారు.

తేనెకు గుణం లేదని కాదు. నీరు తక్కువ, పులుపు ఎక్కువ. చెమ్మ తగిలితే అందులోని ఎంజైము కొద్దికొద్దిగా క్రిములను చంపే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది. గాయాలకు తేనె పట్టీలు వాడేది అందుకే. అయితే ఆ తేనెను గామా కిరణాలతో శుద్ధి చేస్తారు. చెంచులు తెచ్చే అడవి తేనె నాలుక్కి అమృతమే, కానీ అందులో పుప్పొడి, మైనం, ఒక్కోసారి బొట్యులిజం (నరాలను చచ్చుబరిచే జబ్బు) తెచ్చే బీజాలూ ఉంటాయి. పచ్చిగా ఉన్న చర్మానికి అది తగదు. ఇక ఎగ్జిమాపై జరిగినవి చిన్న పరీక్షలే: 2003లో తేనె, మైనం, ఆలివ్ నూనె సమపాళ్లలో కలిపి చేసినదాంట్లో మేలు కనిపించింది, న్యూజిలాండ్‌లో కానుకా అనే చెట్టు తేనెతో చేసినదాంట్లో తేడా కనిపించలేదు.

ఇంట్లోనే కలుపుకుంటామనే వాళ్లు మైనాన్ని నూనెలో వేసి, వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించాలి (62-64 డిగ్రీలకు కరుగుతుంది). వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా ఆగి, అప్పుడు తేనె పోయాలి. వేడిమీదే పోస్తే ఎంజైము చచ్చిపోతుంది. చిక్కబడేదాకా తిప్పుతూనే ఉండకపోతే తేనె అడుక్కి దిగి, పైన ఉత్త మైనమే మిగులుతుంది. తడి చెంచా పెట్టారా, పులుస్తుంది. మూత తీయగానే నురగ, పుల్లటి వాసన వస్తే పారేయడమే. రాత్రి పూసుకుని పడుకుంటే చీమల సంగతి చెప్పక్కర్లేదు!

పూసే ముందు మోచేతి లోపలివైపు కందిగింజంత రాసి, పూటకొకసారి చొప్పున వారం చూడాలి. తేనెపట్టులోని జిగురు పడనివాళ్లకు ఎగ్జిమా మీద ఇంకో దద్దురు లేస్తుంది. గోరువెచ్చని నీళ్లతో పది నిమిషాలకు మించకుండా స్నానం చేసి, తువ్వాలుతో రుద్దకుండా అద్ది, మూడు నిమిషాల్లోపు వాసన లేని మామూలు మాయిశ్చరైజర్ పూయడమే అసలు వైద్యం. తేనె దానికి తోడు మాత్రమే. రసి కారుతున్నా, పసుపు పెచ్చు కట్టినా తేనె జోలికి పోవద్దు. జ్వరంతోపాటు గుంపుగా నీటిపొక్కులు లేస్తే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. ఏడాది నిండని బిడ్డకు పూయనే వద్దు, పూసిన చెయ్యి నేరుగా నోట్లోకే పోతుంది, తేనెలోని బొట్యులిజం బీజాలు ఆ వయసు బిడ్డకు ప్రమాదం.

జిల్లా ఔషధ తనిఖీ అధికారులు ఒక్క సంతరోజున ఈ డబ్బీలు నాలుగు తీసుకెళ్లి, స్టెరాయిడ్ ఉందో లేదో ప్రయోగశాలలో చూపించి, వచ్చిన ఫలితాన్ని మీ పత్రికలో వేయించాలని కోరుతున్నాం.

– కొందరు ఫార్మసిస్టులు, కర్నూలు