అనువాద హక్కులకు పుస్తక ప్రదర్శనలో ఒక సహాయ కేంద్రం కావాలి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో విదేశీ రచనల తెలుగు అనువాదాలు ఏటా దండిగా కనిపిస్తాయి. సంతోషమే. కానీ ఆ పుస్తకాలు తెరిచి హక్కుల వివరాలుండే పేజీ చూస్తే, చాలావాటిలో అనుమతి ఎవరిచ్చారో, ఎన్నేళ్లకిచ్చారో ఒక్క ముక్క ఉండదు. ఎక్కడో ఉన్న రచయిత మన దాకా ఎందుకొస్తాడులే అన్న ధీమా ప్రచురణ రంగంలో పాతుకుపోయింది. ఇది రచయితకు అన్యాయం. అనువాదకుడి శ్రమకూ ముప్పే, ఎందుకంటే అభ్యంతరం వచ్చిన రోజున అచ్చయిన ప్రతులన్నీ అటకెక్కాల్సిందే.

సాహిత్య, కళా రచనల హక్కుల రక్షణ కోసం 1886లో దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందంలో మన దేశం 1928 నుంచీ ఉంది. ప్రతి సభ్యదేశమూ తన రచయితలకిచ్చే రక్షణనే మిగతా సభ్యదేశాల రచయితలకూ ఇవ్వాలి, అందుకు రిజిస్ట్రేషన్ అడగకూడదు. అనువాదం చేసే, చేయనిచ్చే హక్కు రచయితదేనని 8వ అధికరణం స్పష్టంగా చెబుతోంది. చిక్కడపల్లిలో అచ్చయిన కథల సంపుటికి లండన్‌లో రక్షణ దొరికేదీ ఈ ఒప్పందం వల్లే.

గడువు లెక్కల దగ్గరే ఎక్కువ మంది బోల్తా పడుతున్నారు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత చనిపోయిన ఏడాది ముగిశాక 60 ఏళ్లు హక్కులుంటాయి. బ్రిటన్‌లో ఇది 70 ఏళ్లు. 1978కి ముందు అచ్చయి, ఇంకా రక్షణలో ఉన్న పుస్తకాలకు అమెరికాలో ప్రచురణ నుంచి 95 ఏళ్లు. జార్జ్ ఆర్వెల్ 1950 జనవరిలో మరణించారు. ఆయన రచనలు ఇక్కడ 2011 జనవరి 1 నుంచి స్వేచ్ఛగా అనువదించుకోవచ్చు. బ్రిటన్‌లో 2021 దాకా ఆగాల్సి వచ్చింది. 1949లో వచ్చిన ఆయన చివరి నవలకైతే అమెరికాలో 2044 చివరి వరకూ హక్కులున్నాయి. అంటే మన తెలుగు అనువాదాన్ని కోఠిలో అమ్మితే ఇబ్బంది లేదు, దాన్నే ఈ-బుక్‌గా డల్లాస్‌లోని తెలుగువారికి అమ్మితే అక్కడి చట్టాన్ని మీరినట్టే. ఈ-బుక్ పెట్టేటప్పుడు ఏయే దేశాల్లో అమ్మాలో ఎంచుకునే చోట ‘అన్ని దేశాలు’ అని నొక్కేసే ముందు ఈ లెక్క చూసుకోవాలి.

దీనికన్నా లోతైన గొయ్యి ఇంకొకటుంది. రష్యన్, ఫ్రెంచ్ రచనలు మనకు ఎక్కువగా ఇంగ్లిష్ మీదుగానే వస్తాయి. టాల్‌స్టాయ్ 1910లో పోయారు కదా, ఇంకేం హక్కులంటారు. నిజమే, రష్యన్ మూలానికి లేవు. కానీ మన అనువాదకుడి చేతిలో ఉన్నది ఇంగ్లిష్ అనువాదం, దానికి వేరే హక్కుదారు ఉంటాడు. ఆ ఇంగ్లిష్ అనువాదకుడు బతికుంటే, లేదా పోయి 60 ఏళ్లు నిండకపోతే, అతని అనుమతి తీసుకోవాల్సిందే. దారి లేకపోలేదు. రష్యన్ రచనల్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చిన కాన్‌స్టన్స్ గార్నెట్ 1946లో మరణించారు కాబట్టి ఆమె అనువాదాలకు ఇక్కడ 2007 నుంచి ఆంక్షల్లేవు. ఏ ఇంగ్లిష్ ప్రతి నుంచి తెనిగించారో పుస్తకంలో చెప్పడం మర్యాద, రక్షణ కూడా.

అనుమతి అడగడం అంత కష్టమేమీ కాదు. మూల ప్రచురణకర్త హక్కుల విభాగానికి రాసే ఉత్తరంలో భాష, మొదటి ముద్రణ ప్రతుల సంఖ్య, ధర, అచ్చు మాత్రమేనా ఈ-బుక్, ఆడియో కూడానా, ఎన్నేళ్లకు, ఏయే దేశాలకు అన్నవి ఉండాలి. ఇవన్నీ లేని ఉత్తరాలకు జవాబు రాకపోవడం సహజం. ఒప్పందం రాతలో ఉండి, సంతకం కావాలి. అందులో కాలం రాయకపోతే మన చట్టం ఐదేళ్లుగా లెక్కిస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం మాత్రమే అనుకుంటుంది. ప్రవాసాంధ్రులకు అమ్మాలనుకునే ప్రచురణకర్తలు ఎక్కువగా మరిచిపోయేది ఈ రెండో సంగతే.

హక్కుదారు జాడే దొరకకపోతే? మన కాపీరైట్ చట్టంలోనే 32వ సెక్షన్ ఉంది. పుస్తకం వచ్చి ఏడేళ్లు దాటినా హక్కుదారు తరఫున తెలుగు అనువాదం రాకపోతే, లేదా వచ్చిన అనువాదం ప్రతులు దొరకకపోతే, వాణిజ్య కోర్టును లైసెన్సు అడగొచ్చు. వెతికినా యజమాని దొరకలేదని చూపాలి. పుస్తకంపై ఉన్న ప్రచురణకర్తకు రిజిస్టర్డ్ ఎయిర్ మెయిల్‌లో అభ్యర్థన ప్రతి పంపి, రెండు నెలలు ఆగాకే దరఖాస్తు చేయాలి. కోర్టు నిర్ణయించిన రాయల్టీ కట్టాలి. బోధన, పరిశోధన కోసం విదేశీ రచనలకైతే గడువు మూడేళ్లే, అభివృద్ధి చెందిన దేశాల్లో సాధారణ వాడుకలో లేని భాషలోకైతే ఏడాదే. విశ్వవిద్యాలయాలు దీన్ని వాడుకోకపోవడం విచారకరం.

మన పుస్తకాల పీడీఎఫ్‌లు నెట్లో కనిపించినప్పుడు రచయితలు నిస్సహాయంగా ఊరుకోనక్కర్లేదు. కాపీరైట్ నిబంధనల ప్రకారం, వివరాలన్నీ ఉన్న రాతపూర్వక ఫిర్యాదు అందిన 36 గంటల్లో ఆ సైటు లింకును ఆపాలి. అయితే 21 రోజుల్లోగా కోర్టు ఉత్తర్వు తెచ్చి చూపకపోతే మళ్లీ తెరవొచ్చు. అసలు పేచీ ఈ 21 రోజుల దగ్గరే వస్తుంది. పుస్తకం మీదేనని చూపే కాగితాలు అప్పటికప్పుడు వెతుక్కోవాల్సి వస్తుంది. అందుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించుకోమంటున్నాం. ఒక సాహిత్య రచనకు రుసుము 500 రూపాయలే.

ఇవన్నీ ఒక్కో రచయిత, ఒక్కో చిన్న ప్రచురణకర్త విడిగా నేర్చుకోవాలంటే అయ్యే పని కాదు. పుస్తక ప్రదర్శన నిర్వాహకులు వచ్చే ప్రదర్శనలో హక్కుల సహాయ కేంద్రం ఒకటి పెట్టి, అనువాద ఒప్పందం నమూనాను తెలుగులో అచ్చేసి పంచాలి. కాలం, ప్రాంతం, రూపం, రాయల్టీ, ప్రతుల సంఖ్య అన్న ఖాళీలు అందులో తప్పక ఉండాలి. దివంగత తెలుగు రచయితల వారసులెవరో, ఎవరిని అడగాలో తెలిపే పట్టికను తెలంగాణ సాహిత్య అకాడమీ సిద్ధం చేసి, వారసులు ఒప్పుకున్న వివరాలను అందరికీ అందుబాటులో పెట్టాలి. అనువాద పురస్కారాలిచ్చే సంస్థలన్నీ పుస్తకంతో పాటు అనుమతి పత్రం నకలు కూడా అడగాలి.

— కొందరు అనువాదకులు, ప్రచురణ హక్కుల పని చూసేవారు, చిక్కడపల్లి, హైదరాబాద్