మా కాటా తప్పు తూచింది, మీకు రావాల్సింది తీసుకెళ్ళండి

మా కొట్టులో సరుకులు కొనే అందరికీ నమస్కారం.

క్రిస్మస్ ముందు కొట్టుకి సున్నం వేయించాం. సామాను జరిపేటప్పుడు కాటా కింద పడింది. అంకెలు మామూలుగానే వస్తుంటే బాగానే ఉందనుకున్నాను. కనుమ మర్నాడు వెనక వీధి పెద్దమ్మ కందిపప్పు పొట్లం పట్టుకొచ్చి, "తక్కువుంది నాయనా" అంది. "మా కాటా అబద్ధం చెప్పదు పెద్దమ్మా" అన్నాను, చూడకుండానే. ఆమె నా వెనక గోడకున్న బైబిల్ వాక్యాల క్యాలెండర్ వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి ముద్ర ఉన్న కేజీ గుండు తెచ్చి పెడితే కాటా 1,030 గ్రాములు చూపించింది. అంటే మీరు కేజీకి డబ్బులిస్తే దాదాపు ముప్ఫై గ్రాములు తక్కువ ఇచ్చాను. అదీ సంక్రాంతి రోజుల్లో. అరిసెలకని ఐదు కేజీల బెల్లం తీసుకున్నవాళ్ళకి 150 గ్రాముల దాకా తగ్గింది.

కాటా చెడటం ప్రమాదమే. పెద్దమ్మ మాట వినకపోవడం మాత్రం నా తప్పు. నన్ను క్షమించండి.

నేను ఎవరికీ కౌంటర్ దగ్గర సువార్త చెప్పను. బేరానికొచ్చిన మనిషిని ఆపి బోధించడం నాకు నచ్చదు. నా సాక్ష్యం నా తూకంలోనే ఉండాలని నమ్ముతాను. మాది డోర్నకల్ వైపు. 1912లో అక్కడ బిషప్ అయిన అజరయ్య గారి కాలంలో, బాప్తిస్మం తీసుకున్న కూలీల నడవడి మారడం చూసి ఇరుగుపొరుగు కులాలవాళ్ళూ ప్రభువు దగ్గరికి వచ్చారని మా నాయనమ్మ చెప్పేది. వాళ్ళలో చాలామందికి చదువే రాదు. వాళ్ళ బతుకునే జనం చదివారు. నా దగ్గర మీరేం చదివారో తలచుకుంటే సిగ్గేస్తోంది.

బైబిల్లో జక్కయ్య అనే పన్నులు వసూలు చేసేవాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. నాకంత శక్తి లేదు, తగ్గినదానికి రెండింతలు ఇస్తాను. ఖాతా ఉన్నవాళ్ళకి పద్దులో ఇప్పటికే తగ్గించాను. ఫోన్‌పే చేసినవాళ్ళ లెక్క కడుతున్నాను. నగదు ఇచ్చినవాళ్ళు వచ్చి ఎంత కొన్నారో చెప్పండి చాలు, బిల్లు అడగను. ఇది విడిగా తూచి ఇచ్చిన సరుకులకే. కంపెనీ ప్యాకెట్లకి తేడా లేదు.

పాత కాటాని బాగుచేయించి, తూనికలు కొలతల శాఖ ముద్ర మళ్ళీ పడేదాకా వాడను. ఇప్పుడు వాడేది ముద్ర ఉన్న వేరే కాటా. కేజీ గుండు కౌంటర్ మీదే ఉంటుంది, ఎవరైనా పెట్టి చూసుకోవచ్చు. ఆదివారం ఎప్పటిలాగే ఆరాధన అయ్యాక, ఒంటిగంటకి కొట్టు తెరుస్తాం.

పెద్దమ్మకి పప్పు నేనే ఇంటికి తీసుకెళ్ళాను. ఆమె లోపలినుంచి తక్కెడ తెచ్చి, నా ముందే మళ్ళీ తూచుకుంది. ముల్లు నిలిచేదాకా నేనూ గుమ్మంలోనే నిలబడ్డాను.