తైకో హోరులో పిల్లల చెవులు
విదేశీ టూర్లకు వచ్చే జపాన్ తైకో (డోలు వాద్య) బృందాల ప్రదర్శనల్లో పిల్లల చెవుల సంగతి హాళ్ల నిర్వాహకులు పట్టించుకోవడం లేదు. నిరుడు ఇక్కడ న్యూజెర్సీలోని ఒక హాల్లో చూశాను. ఒకే చెట్టు మొద్దును తొలిచి చేసిన ఓడైకో అనే భారీ డోలు మీద రెండు కర్రల దెబ్బ పడగానే నా కుర్చీ అదిరింది. ముందు వరుసలో నాలుగేళ్ల పాప చెవులు మూసుకుని తల్లి ఒళ్లో ముఖం దాచుకుంది. పావుగంటకే ఆవిడ పాపనెత్తుకుని బయటకు వెళ్లిపోయింది, పాపం. టికెట్ మీద గానీ, గుమ్మం దగ్గర గానీ ఒక్క హెచ్చరిక లేదు. 1981లో బెర్లిన్‌లో తొలి ప్రదర్శన ఇచ్చిన కోడో మొదలు ఎన్నో బృందాలు దేశాలు తిరుగుతున్నాయి. ఆ చప్పుడు ఎంతుంటుందో నిర్వాహకులకు తెలియనిది కాదు. పిల్లల్ని రావద్దనకండి. టికెట్ అమ్మేటప్పుడే చెప్పండి, తలుపు దగ్గర ఇయర్‌ప్లగ్‌లు ఉంచండి, పిల్లలున్నవాళ్లకు వెనక వరుసలు ఇవ్వండి.
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ