బర్బ్యాంకులో ఉన్న లలితకు

చిరంజీవి లలితను నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టింది. పెరట్లో మామిడి ఈసారి ఆలస్యంగా పూసింది. మీ ఆఫీసులో మనుషులను తీసేస్తున్నారని రాజ్యం పిన్ని వాళ్ళ సుధీర్ చెప్పాడు. దాని గురించి అడగాలని ఈ ఉత్తరం రాయడం లేదు. నువ్వు చూడమన్న కాసాబ్లాంకా సినిమా చూశాను, ఆ సంగతులు రాద్దామని కూర్చున్నాను.

నువ్వుంటున్న బర్బ్యాంకులోనే, వార్నర్ బ్రదర్స్ స్టూడియోలో తీశారట కదా. అప్పటికి అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాను దాడి జరిగి ఆరు నెలలు కూడా కాలేదు. 1942 మే 25న షూటింగ్ మొదలయ్యేనాటికి కథ పూర్తిగా రాయనే లేదు. ఎప్‌స్టీన్ అన్నదమ్ములు, హోవర్డ్ కోచ్ రాస్తూ ఉండగానే దర్శకుడు మైకేల్ కర్టిజ్ తీస్తూ పోయాడు. కథలోని ఇద్దరిలో తాను ఎవరిని ప్రేమిస్తున్నట్టు నటించాలని కథానాయిక ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ అడిగితే, ఇంకా తేలలేదన్నారట. షూటింగ్ ముగిశాక హీరో హంఫ్రీ బోగార్ట్‌ను మళ్ళీ పిలిపించి చివరి మాట చెప్పించారు. ఆ మాట రాసింది నిర్మాత హాల్ వాలిస్. రేపేమిటో తెలియకుండా పని చేయడంలో తలవంపులేమీ లేవమ్మా. తెలియదని ఇంట్లో చెప్పడంలో అసలే లేవు.

యుద్ధం వల్ల కొత్త సెట్ల సామగ్రికి సినిమాకు 5,000 డాలర్లు దాటకూడదని ప్రభుత్వం హద్దు పెట్టింది. చివర్లో కనిపించే విమానాశ్రయం స్టూడియో లోపలిదే. విమానం ఉత్త నమూనా, దాన్ని కప్పిపెట్టడానికే అంత పొగమంచు. ఉన్నదానితో సర్దుకోవడం వాళ్ళకు తెలుసు. నీ చేతిలో ఇప్పుడు ఎంత ఉంది? అద్దె కట్టావా?

అందులో జూదపు బల్ల దగ్గర చక్రం తిప్పే మనిషి ఉన్నాడు చూడు, అతని పేరు మార్సెల్ డాలియో. ఫ్రాన్సులో పెద్ద నటుడు, యూదుడు. జర్మన్లు పారిస్‌కు వస్తున్నారని తెలిసి 1940లో భార్య మాడ్లెన్ లెబోతో కలిసి పారిపోయాడు. లిస్బన్ చేరి, చిలీకి వీసాలు సంపాదించి ఓడ ఎక్కారు. మెక్సికోలో ఆగినప్పుడు ఆ వీసాలు దొంగవని తేలింది. దిక్కుతోచక అక్కడే చిక్కుకుపోయి, చివరికి కెనడా ఇచ్చిన తాత్కాలిక పత్రాలతో అమెరికాలో అడుగుపెట్టారు. అక్కడ పారిస్‌లో, యూదుడంటే ఇలా ఉంటాడని నాజీలు అతని ముఖాన్నే పోస్టర్లకెక్కించారు. అంతటివాడు హాలీవుడ్‌లో చక్రం తిప్పే వేషం వేశాడు, తెర మీద పేరు కూడా పడలేదు. ఫ్రెంచి జాతీయగీతం పాడేటప్పుడు కళ్ళ నిండా నీళ్ళతో 'వీవ్ లా ఫ్రాన్స్' అని అరిచే అమ్మాయే లెబో. అప్పటికి పందొమ్మిదేళ్ళు. ఆ కన్నీళ్ళు నటన కాదని నాకు అనిపించింది. అమ్మ కూడా కళ్ళు తుడుచుకుంది. నాజీ మేజరుగా వేసిన కాన్రాడ్ ఫైట్ సైతం యూదురాలైన భార్యతో జర్మనీ విడిచి వచ్చినవాడే.

అందుకే చెబుతున్నాను, చిన్న పని వచ్చినా కాదనకు. నీకు తగినది మళ్ళీ వస్తుంది. వీసా విషయంలో మాత్రం ఎవరి మాటా నమ్మవద్దు, సుధీర్ మాట కూడా. ఉద్యోగం పోతే అరవై రోజులే గడువని అంటున్నాడు. మంచి లాయరును నువ్వే స్వయంగా కలుసుకో. ఫీజు నేను పంపుతాను. పోస్టాఫీసులో వేసినది నీ కోసమే, పెళ్ళి ఖర్చుకని దాచనక్కరలేదు.

'బాగున్నాను' అని ఒక్క ముక్క పంపి ఊరుకుంటే అమ్మకు నిద్ర పట్టడం లేదు. రాత్రి భోజనం మాని కాఫీతో సరిపెట్టుకోకు. శారద గారి అబ్బాయి వస్తున్నాడు, కందిపొడి, గోంగూర పచ్చడి పంపుతున్నాం. పచ్చడి సీసా కవరులో చుట్టి పెట్టాం, నిలువుగానే ఉంచు. వీసా కాగితాల నకళ్ళు నాకూ పంపు. ఆదివారం పొద్దున ఫోను చెయ్యి, ఉద్యోగం ఉన్నా లేకపోయినా.

నాన్న