మెగ్గర్ పట్టుకొచ్చిన అన్నలకు, చింతపండు నానబెట్టిన అక్కలకు వందనాలు

ప్రభువునందు ప్రియులందరికీ మా సంఘం తరఫున వందనాలు.

విజయవాడలో బుడమేరు వాగుకు గండ్లు పడి 2024 సెప్టెంబరు 1న సింగ్ నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట మునిగాయి. అప్పటినుంచి ఇళ్ళు మళ్ళీ ఇళ్ళయ్యేదాకా మా వీధుల్లో పనిచేసినవాళ్ళు చాలామంది. పేర్లు రాయొద్దని మీరే అన్నారు, రాయడం లేదు. చేసిన పని రాయొద్దని మాత్రం ఎవరూ అనలేదు. అందుకే కొలతలతో సహా ఇక్కడ పెడుతున్నాం. రేపు ఇంకో ఊళ్ళోకి నీళ్ళొస్తే అక్కడివాళ్ళకి అక్కరకొస్తుంది.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. మన సంఘాల్లో తలాంతు అంటే పాట, కీబోర్డు, తబలా, క్రిస్మస్ నాటిక. మత్తయి 25లో ఆ మాట ఒక తూకం, పెద్ద సొమ్ము. మనదాకా వచ్చేసరికి మైకు ముందు చేసేదైపోయింది. "తలాంతులున్నవాళ్ళెవరు?" అని అడిగితే పాడేవాళ్ళే లేస్తారు. "మీ చేతిపని ఏంటి, పనిముట్లు సొంతవేనా, రోజుకెన్ని గంటలు వీలవుతుంది?" అని మూడు ప్రశ్నల కాగితం పంచితే ఎలక్ట్రీషియన్లు, మెకానిక్‌లు, వంటమేస్త్రీలు, కుట్టుపని అక్కలు బయటపడ్డారు. నిర్గమకాండం 31లో దేవుని ఆత్మతో నిండినవాడని చెప్పిన బెసలేలు ప్రసంగీకుడు కాడు. బంగారం, వెండి, ఇత్తడి, రాయి, చెక్క పని తెలిసినవాడు.

కరెంటు పని చేసిన అన్నలకు అందరికంటే ముందు చెప్పాలి. మీరు రావడం ఒక్కరోజు ఆలస్యమైనా ఎవరో ఒకరు మెయిన్ వేసేసేవారు. గోడ పైకి ఆరినట్టు కనిపిస్తుంది, లోపల పైపుల్లో నీళ్ళు అలాగే ఉంటాయి. అప్పుడు మెయిన్ వేస్తే గోడ ముట్టుకున్నా షాకే. మీరు ముందు మెయిన్ తీసేసి, మీటరు దగ్గర ఫ్యూజులు కూడా పీకించారు. నీటి గీత కిందున్న ప్రతి బోర్డూ విప్పారు. మునిగిన స్విచ్చులు, సాకెట్లు, ఎంసీబీలు కడిగి ఆరబెట్టి మళ్ళీ వాడదామని ఇంటివాళ్ళు ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు, అన్నీ కొత్తవి పెట్టారు. పెట్టెల్లో ఒండ్రు మంచినీళ్ళతో కడిగి, పైపుల్లోకి బ్లోయరు కొట్టి, మూడు నాలుగు రోజులు తెరిచే ఉంచారు. వైరు బాగున్నచోట అదే ఉంచి, జాయింట్లు మాత్రం కోసి మళ్ళీ కట్టారు.

ఆ తర్వాత బల్బులు తీసి, ఫ్యాన్లు విడదీసి, వైర్ల మీది తొడుగులోంచి కరెంటు కారుతోందేమో కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో ఫేజుకూ ఎర్తుకూ, న్యూట్రల్‌కూ ఎర్తుకూ, ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య చూశారు. ఒక మెగా ఓమ్ కంటే తక్కువ చూపించిన ఇంటికి కరెంటు ఇవ్వలేదు. ఇంకో రెండు రోజులు ఆరబెట్టారు. అప్పటికీ రాకపోతే వైరు లాగేసి కొత్తది వేశారు. "పక్కింట్లో లైటు వెలుగుతోంది, మాకెందుకు ఇవ్వరు?" అన్నవాళ్ళతో గొడవ పడకుండా మెగ్గర్ ముల్లు చూపించి చెప్పారు చూడండి, ఆ ఓర్పుకు ఇంకో నమస్కారం. ప్రతి ఇంటికీ, కరెంటు కారితే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టారు. అది ఊరికే పడిపోతోందని దాన్ని తప్పించి డైరెక్టుగా కలుపుకునే ఇంటివాళ్ళకి ఒక మాట: పడిపోతోందంటే ఎక్కడో కరెంటు కారుతోందని. పరికరాలన్నీ ప్లగ్గుల్లోంచి తీసేసి ఒక్కొక్కటే పెట్టి చూడండి, ఏది పెడితే పడిందో అందులోనే ఉంది తేడా.

బండ్ల మెకానిక్ తమ్ముళ్ళ మొదటి పని బండి బాగుచెయ్యడం కాదు, కిక్ కొట్టకుండా ఆపడం. సిలిండరులో నీళ్ళుండగా బలంగా కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్ తీసి మెల్లగా తిప్పి నీళ్ళు బయటికి పంపారు. ఆయిలు దింపితే పాలటీలా వచ్చింది, అంటే నీళ్ళు కలిశాయని. పెట్రోలు ట్యాంకు, కార్బురేటరు కప్పు ఖాళీ చేశారు, ఎయిర్ ఫిల్టరు మార్చారు. కొత్త ఆయిలు పోసి పది నిమిషాలు నడిపి, దాన్ని కూడా పారబోసి మళ్ళీ పోశారు. చిన్న బండికి ఒక్కోసారికి లీటరు చొప్పున రెండు లీటర్లు. రెండోసారి దండగ అనుకుని ఆపినవాళ్ళ ఇంజన్లలో మిగిలిన తేమ బేరింగుల్ని తినేస్తుంది.

సంపుల సంగతి క్లుప్తంగా. ఒండ్రు తోడి, గోడలు బ్రష్షుతో రుద్ది, నింపి, వెయ్యి లీటర్లకు 200 గ్రాముల బ్లీచింగ్ పౌడరు లెక్కన కలిపి రాత్రంతా ఉంచి, పొద్దున్నే మొత్తం పారబోశారు. పౌడరు నేరుగా చల్లకుండా బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైన తేరిన నీళ్ళే పోశారు. మళ్ళీ నింపిన నీటిలో క్లోరిన్ వేసిన గంటకు లీటరుకు 0.5 మిల్లీగ్రాములు మిగిలిందో లేదో క్లోరోస్కోపుతో (నీటిలో మిగిలిన క్లోరిన్ చూసే చిన్న పరికరం) చూశారు. మూతి విప్పి వదిలేసిన బస్తాలో పౌడరు వారాల్లోనే సత్తువ పోతుంది, కొలత సరిగా వేసినా పనిచెయ్యదు. పాత బస్తాలు రెండు మీరు వెనక్కి పంపడం సబబే.

వంట అక్కలు ఎంచుకున్నది పులిహోర, సాంబారు అన్నం కాదు. చింతపండు పులుపుకి త్వరగా పాడవదు, పడవలో సాయంత్రానికి చేరినా తినగలరు. 25 కేజీల బస్తాకు రెండున్నర కేజీల చింతపండు, నాలుగు లీటర్ల నూనె, పొట్లాలు 220 దాకా. అన్నం గుడ్డల మీద పరిచి పూర్తిగా చల్లారాకే కట్టారు. వేడి మీద కవర్లో కడితే ఆవిరి నీరై, కొన్ని గంటల్లోనే జిగటొస్తుంది. బయటినుంచి ప్రేమతో పంపిన కొన్ని పొట్లాలు అలాగే పారబొయ్యాల్సి వచ్చింది. ఇంకో మంచి పని, పొట్లాల్లో కరపత్రాలు పెట్టలేదు. ఆకలితో ఉన్నవాడికి అన్నంతోపాటు కాగితం ఇస్తే అన్నం కూడా బేరంలా కనిపిస్తుంది. ఏ మతమో అడగకుండా వరసలో ఇచ్చారు.

యొప్పేలో దొర్కా చనిపోతే విధవరాండ్రు ఏడుస్తూ చూపించింది ఆమె కుట్టిన బట్టల్ని (అపొస్తలుల కార్యములు 9). మా కాలనీల్లో కుట్టుమిషనే చాలా ఇళ్ళకు బియ్యం. వాటిని తిరిగి నడిపించిన అక్కలు బాబిన్ కేసు, పళ్ళు, సూది పట్టీ విప్పి మంచినీళ్ళతో కడిగి తుడిచారు. సందుల్లో కిరోసిన్ పోసి రాత్రంతా నానబెట్టి, మర్నాడు చక్రం చేత్తో మెల్లగా తిప్పుతూ తుప్పు వదిలించారు. కిరోసిన్ మొత్తం తుడిచాకే మిషన్ ఆయిలు చుక్కలు వేశారు. కిరోసిన్ ఉండగా ఆయిలు వేస్తే పలచబడి జారిపోతుంది. మిషను మెత్తబడ్డాక కూడా మొదటి నాలుగు గజాలు పాతగుడ్డ మీదే కుట్టించారు, లేకపోతే జాకెట్టు గుడ్డకు తుప్పు మరక.

అన్నిటికంటే మెత్తని చెయ్యి కావాల్సిన పని కాగితాలది. దస్తావేజులు, పదో తరగతి సర్టిఫికెట్లు, ఇంటి బైబిళ్ళు. బైబిలు మొదటి పేజీలో పెళ్ళి తేదీ, పిల్లల పుట్టినరోజులు, తాతయ్య ప్రభువునందు నిద్రించిన రోజు రాసుకుంటాం కదా, ఆ పేజీలు. గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన పెద్దాయన ముందు చెప్పింది: ఎండలో పెట్టొద్దు, తడి పేజీలు విడదియ్యొద్దు. ఎండకు అట్ట వంకర పోతుంది, తడి మీద లాగితే కాగితం చినుగుతుంది. పుస్తకాన్ని నిలబెట్టి, పేజీల గుంపుల మధ్య తెల్లకాగితాలు పెట్టి, ఫ్యాన్ గాలి నేరుగా తగలకుండా ఉంచి, రెండు మూడు గంటలకోసారి కాగితాలు మార్చారు. న్యూస్ పేపరు పెడితే సిరా అంటుతుంది. ఒకేసారి చెయ్యలేనన్ని వచ్చినప్పుడు మిగతావి కవర్లో చుట్టి ఫ్రీజర్లో పెట్టించారు. గడ్డకట్టిన కాగితానికి బూజు పట్టదు, వారం తర్వాత తీసినా పని మొదలుపెట్టొచ్చు. బైబిలు ఫ్రిజ్‌లో పెట్టడమేంటని నొచ్చుకున్న అమ్మమ్మలు కూడా ఆ మొదటి పేజీ చేతికొచ్చాక నవ్వారు.

కింది అంతస్తుకు 25,000, పై అంతస్తులకు 10,000 రూపాయల ప్రభుత్వ సాయం కోసం జనం పక్కన కూర్చుని వివరాలు సరిచూసిన రిటైర్డు గుమాస్తాలకూ వందనాలు. వాడకంలో లేని పాత ఖాతాకు ఆధార్ కలిసి ఉండడం, ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, పాసుపుస్తకంలో ఇంకోలా ఉండడం, ఈ రెండూ ముందే పట్టుకున్నారు.

1 పేతురు 4:10లో పొందిన కృపావరం కొద్దీ ఒకరికొకరు ఉపచారం చెయ్యమన్నది మీరు చేశారు. రావాలనుకుని రాలేకపోయినవాళ్ళు తమ పని, పనిముట్ల వివరాలు కాగితం మీద రాసి పాస్టరు అయ్యగారికి ఇస్తే చాలు. ఆ జాబితా ఇకమీదట చందా పుస్తకం పక్కనే ఉంటుంది.

చివరగా, మందిరం వరండాలో పది అడుగుల అల్యూమినియం నిచ్చెన ఒకటి, ఎర్ర పిడి కటింగ్ ప్లయరు, స్పానర్ల సంచి, మూతలేని రెండు పెద్ద డేగిసాలు మిగిలిపోయాయి. ఎవరివో వచ్చి తీసుకెళ్ళండి. డేగిసాల మూతలు పొరపాటున మీ ఇంటికి వచ్చి ఉంటే అవి మాత్రం తెచ్చివ్వండి.